నొప్పి పోయిన రోజు

నాకు అక్షరాలు రాకపోవడం వల్ల ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసినన్నాళ్లూ జీతం పుస్తకంలో వేలిముద్రే వేశాను. మందు సీసాలను రంగును బట్టీ, మూతను బట్టీ గుర్తుపట్టేదాన్ని. ఉద్యోగం మానేశాక, కళ్లద్దాలు వచ్చాక, మా వీధి చివర పెద్దవాళ్లకు చదువు చెప్పే పంతులమ్మ దగ్గర పలక పట్టాను. నాతోపాటు చేరిన ఆమె గుణింతాల దగ్గర విసుగెత్తి మానేసింది. నేను వదల్లేదు. తీరా సంతకం నేర్చుకునేసరికి సంతకం పెట్టాల్సిన చోటు ఎక్కడా మిగల్లేదు. నేర్చుకున్న అక్షరాలను ఊరికే పోనివ్వడం ఎందుకని ఇది మొదలుపెట్టాను.

ఇంకో కారణం కూడా ఉంది. నోటితో చెబుదామంటే దీన్ని ఎవరూ చివరిదాకా వినలేదు. సగం చెప్పగానే, నీ కాలికి అంత గుణముందా, మా అమ్మ నడుము కూడా ఒకసారి చూడు అని లేచేవాళ్లు. కాగితం అలా మధ్యలో లేవదు. ఆసుపత్రుల్లో కొత్తగా చేరుతున్న ఆడపిల్లలు ఎవరైనా చివరిదాకా చదివితే నాకు చాలు.

ఎదురుకాళ్లతో పుట్టడమంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. తల ముందు రాకుండా కాళ్లు ముందు వచ్చిన బిడ్డను అలా అంటారు. నేను అలా పుట్టాను. జమ్మలమడుగు పక్కన మా ఊళ్లో నన్ను కన్నప్పుడు మా అమ్మ చచ్చి బతికిందట. అలాంటి బిడ్డ ఎడమ కాలితో మూడుసార్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. పొద్దున్నే, నేను ఇంకా ఎవరితోనూ మాట్లాడకముందు తన్నాలి. అందుకని నాకు నడక వచ్చినప్పటి నుంచీ మా గడప ముందు పొద్దుపొద్దునే నడుములు పట్టుకున్న మనుషులు కూర్చుని ఉండేవాళ్లు. డబ్బు తీసుకుంటే కాలి గుణం పోతుందని మా అమ్మ తీసుకునేది కాదు. బెల్లమో, వంకాయలో పెట్టి పోయేవాళ్లు. ఊరి పెద్దరెడ్డిని తన్నినప్పుడు నాకు ఆరేళ్లుంటాయేమో. ఆయన ఎదుట మా నాయన చెప్పులు విడిచి దూరంగా నిలబడేవాడు. నేను ఆయన్ని కాలితో తన్ని, ఆయన తెచ్చిన బెల్లం తిన్నాను.

పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాను. నా భర్త పోయాక, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మనకు కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఊళ్లో ఒక డాక్టరు గారు పెట్టిన చిన్న ఆసుపత్రిలో చేరాను. ఆయన కోస్తా వైపు మనిషి. అందరినీ మీరు అనేవాడు. నన్ను 'ఆయమ్మగారూ' అని పిలిస్తే, మొదట్లో ఎవరు వచ్చారా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని. మా మాటతీరు ఆయనకు కొట్లాటలాగా వినిపించేది. రోగి ఎవరైనా "ఏంది సార్, ఇంగా తగ్గలేదే" అంటే, తన మీదకు వచ్చారేమోనని ఒక అడుగు వెనక్కి వేసేవాడు.

ఆయన తరువాత పెద్ద నర్సమ్మ. మద్రాసులో చదివి వచ్చిన మనిషి. దుప్పటి మడత వంకర పోతే మంచం మీది రోగిని కూడా లేపి మళ్లీ పరిపించేది. నాకు పని నేర్పింది ఆమే. మంచం దిగలేని రోగికి మలమూత్రాల కోసం కింద పెట్టే రేకు పాన్‌ను ముందు వేడినీళ్లతో వెచ్చబెట్టడం, తీసుకుపోయేటప్పుడు పైన గుడ్డ కప్పడం, మనిషిని ఒళ్లు నొప్పించకుండా పక్కకు తిప్పడం. మనిషి పరువు ఆ గుడ్డ కింద ఉంటుంది, మర్చిపోవద్దు అనేది.

కాంపౌండరు మా జమ్మలమడుగు మనిషే. నా కాళ్ల సంగతి ఆసుపత్రిలో బయటపెట్టింది అతనే. బయటపెట్టకముందు మందుల గది వెనక తన నడుము మాత్రం తన్నించుకున్నాడు. నేను మెల్లగా తన్నితే, "గట్టిగా తన్నుమ్మే, నేనేం గాజుసీసానా" అన్నాడు. డాక్టరు గారికి తెలిసి కోప్పడతాడనుకున్నాను. ఆయన నవ్వి, ఊళ్లో తనకు పోటీగా ఇంకెవరో ఉన్నారని విన్నానని, ఆ మనిషి తన దగ్గరే జీతానికి ఉందనుకోలేదని అన్నాడు.

అలాంటి రోజుల్లో పరుపులు కుట్టే ఇంటి మనిషి ఒకామె వచ్చింది. ముప్పై దాటిన మనిషి. భర్త దూదేకేవాడు. ఆయన విల్లు మీటితే దూది పొగలాగా లేచేది. ఈమె పరుపులు కుట్టి, కుట్టినవి నెత్తిన పెట్టుకుని షావుకార్ల ఇళ్లకు మోసుకుపోయేది. ఒకరోజు వానకు తడిసిన దూది గోనె బోరేన్ని ఒక్కతే లేపబోయిందట. నడుములో ఏదో తెగినట్టయి అక్కడే కూలబడింది. మా దగ్గరికి తెచ్చేసరికి నొప్పి నడుములో మొదలై కుడి తొడ వెనకగా పాదం దాకా పాకుతోంది. దగ్గితే కేక పెట్టేది. భర్త ఆమె చెయ్యి వదలకుండా, ఆమె కేక పెట్టినప్పుడల్లా తనూ మూలిగేవాడు. వాళ్లిద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు, చిన్నప్పటి నుంచీ ఒకే వాకిట్లో పెరిగినవాళ్లు.

ఆ రోజు ఆ మంచం చుట్టూ ఒక్కొక్కరిది ఒక్కొక్క మాట. భర్త ఆపరేషన్ చేయించాలన్నాడు. బజారులో బంగారు అంగడి ఆయన ఒకరు మద్రాసులో వెన్ను కోయించుకుని నిటారుగా నడుస్తున్నాడని విన్నాడు. ఇల్లు అమ్మైనా సరే, ఇప్పుడే కోయండి సార్ అని డాక్టరు గారి కాళ్లు పట్టుకున్నాడు. ఆమె అత్త, అంటే భర్త తల్లి, పులివెందుల తట్టు నుంచి వచ్చింది. అక్కడ వాతలు పెట్టే ఆయన ఉన్నాడు, కడ్డీ కాల్చి నడుముకు రెండు వాతలు పెడితే ఎద్దయినా లేచి నిలబడుతుందన్నది. వెన్ను కోస్తే ఇంక లేచేది లేదని, వల్లూరు తట్టు ఒకాయన అట్లాగే మంచం పట్టాడని కూడా చెప్పింది. ఎవరాయన అని అడిగితే పేరు తెలియదంది.

డాక్టరు గారు అన్నీ విని, ఆమె కాలు ఎత్తి చూసి, వేళ్లు కదిలించమని చూసి, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాడు. వెన్నులో ఎముకకూ ఎముకకూ మధ్య చిన్న దిండు లాంటిది ఉంటుంది. బరువు పడి దాని కుట్టు విడింది. లోపలి దూది కాస్త బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోంది. ఆ నొప్పే ఇది.

"అయితే మళ్లీ కుట్టేయండి సార్" అంది ఆమె పళ్లబిగువున.

ఆ కుట్టు మనుషులు వేసేది కాదని, కదలకుండా పడుకుంటే చాలామందికి ఆ దూది దానంతటదే ఎండి ముడుచుకుంటుందని, అప్పుడు కోత అక్కర్లేదని చెప్పాడు. కోయాల్సిన అవసరం వస్తే తానే చెబుతానన్నాడు. అప్పటిదాకా వైద్యం ఏమిటంటే, కాలికి బరువు కట్టి, పరుపు తీసేసి, చెక్క పలకల మీద పడుకోవడం.

ఆమెకు నొప్పి కన్నా ఆ మాట ఎక్కువ తగిలింది.

"పరుపులు కుట్టేదాన్ని తెచ్చి పలకల మీద పండబెడతారా? మా వీధిలో తెలిస్తే ఇంగ మాకాడ పరుపు ఎవురు కొంటారు సార్?"

నర్సమ్మ కూడా నవ్వు దాచుకోవడానికి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తరువాత పరుపులు కుట్టే ఆమె నా వైపు చూసింది. నా సంగతి కాంపౌండరు ఆమె చెవిలో వేసి ఉంటాడు.

"ఈ అక్క తన్నితే పండుకుంటా. లేకుంటే నన్ను ఇంటికి తోలుకపోండి."

డాక్టరు గారు కాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, తన్నొద్దు, కాలు ఊరికే ఆనించండి, దానికి బదులు ఆమె పలకల మీద పడుకుంటే తనకు లాభమే అన్నాడు. మరుసటి పొద్దున నేను నోరు విప్పకుండా వచ్చి, పక్కకు తిరిగి పడుకున్న ఆమె నడుముకు ఎడమ పాదం మూడుసార్లు ఆనించాను. ఆమె అత్తకు నచ్చలేదు. ఈగ వాలినట్టు వాలితే నడుము వింటుందా అని సణిగింది. ఆమె మాత్రం పరుపు తీయించుకుని పలకల మీద పడుకుంది.

అప్పుడే డాక్టరు గారు మమ్మల్నందరినీ నిలబెట్టి ఒక జాగ్రత్త చెప్పాడు. నొప్పి ఉంటే కంగారు లేదు. కాలి బొటనవేలు పైకి లేవకపోయినా, మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా తాను ఎక్కడున్నా పిలిపించాలి. నర్సమ్మ దాన్ని మా చేత రెండుసార్లు చెప్పించింది.

పది రోజులకు పైగా ఆమె మా దగ్గర ఉంది. ఆ పది రోజుల్లో వార్డంతా ఆమెదే అయింది. పడుకున్న చోటి నుంచే పక్క మంచాల వాళ్ల దిండ్లన్నీ విప్పించి, ఉండలు కట్టిన దూదిని వేళ్లతో విడదీసి మళ్లీ కుట్టింది. మా ఆసుపత్రి పరుపులు ఎవరు కుట్టారో గాని దూదిలో సగం గింజలేనని డాక్టరు గారి ముఖం మీదే చెప్పింది. భర్త సాయంత్రం పని ముగించుకుని, కనుబొమల మీద దూది అంటుకుని ఉండగానే వచ్చేవాడు. అతన్ని చూసి ఆమె, "చూడక్కా, నేను లేకుండా పది దినాలకే ముసలోడయిపాయె" అనేది. నొప్పి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. నా కాలి పేరు పక్క వీధులకు పాకింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చిన్నప్పటి నుంచీ నేను తన్నిన నడుములు ఎక్కువ భాగం బాగయ్యాయి. అది అబద్ధం కాదు. కాని ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేశాక, తన్నని నడుములు కూడా ఎక్కువ భాగం బాగవడం చూశాను. బాగయ్యే నడుముల పేరు నా కాలికి వచ్చిందేమో అని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. అనుకుని ఊరుకునేదాన్ని. బెల్లం తెచ్చేవాళ్లతో ఆ మాట ఎందుకు?

పది రోజులు దాటాక ఒకనాడు డాక్టరు గారు ఏదో కాన్పు కష్టమైందని జమ్మలమడుగు వెళ్లాడు. నేను పొద్దున వార్డులోకి వచ్చేసరికి ఆమె మంచం దగ్గర నవ్వులు వినిపిస్తున్నాయి. రాత్రికి రాత్రి నొప్పి పోయిందట. దగ్గి చూపించింది, తుమ్మి చూపించింది. ఒక్క కేక లేదు. అత్త నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఈగ వాలినట్టు వాలినా నీ కాలు మంచిదే బిడ్డా అంది. అప్పటికే బెల్లం ముక్కలు కొట్టి వార్డంతా పంచింది. కాంపౌండరు రెండో ముక్క అడిగి తీసుకున్నాడు. నర్సమ్మ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. నేనూ తిన్నాను. భర్త ఇంటికి తీసుకుపోవడానికి జట్కా మాట్లాడి వాకిట్లో నిలబెట్టాడు.

బయలుదేరేముందు పాన్ పెట్టనా అని ఆమెను అడిగాను. వద్దంది. నిన్న మధ్యాహ్నం నుంచీ అవసరమే కాలేదంది.

"నిన్నటి నుంచా?"

"అవునక్కా. నీళ్లు బాగానే తాగినా. రానే రాలేదు." తరువాత నవ్వి, "ఈ పలకల మీద నాకిప్పుడు ఏం కష్టం తెలీడంలేదు. కింద దూది పెట్టుకోని కూచున్నట్టుండాది" అంది.

నా నోట్లో బెల్లం ఇంకా కరగలేదు. నేను నర్సమ్మ వైపు చూశాను. ఆమె ఆ మాట వినింది. దగ్గరికి వచ్చి, దుప్పటి తొలగించి, బొటనవేలు పైకి లేపమంది. ఎడమది లేచింది. కుడిది లేవలేదు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, వేలు లేచిందనే అనుకుంటోంది. నర్సమ్మ కాంపౌండరు చొక్కా పట్టుకుని బయటికి తీసుకుపోయి, జమ్మలమడుగు పోయే ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కి డాక్టరు గారిని వెంటబెట్టుకు రమ్మంది. అతను రెండో బెల్లం ముక్క చేతిలో ఉండగానే పరుగెత్తాడు.

డాక్టరు గారు వచ్చేదాకా వాళ్లను ఆపడానికి నర్సమ్మ ఏవేవో సాకులు చెప్పింది. జట్కా అతను వాకిట్లో నుంచి అరుస్తూనే ఉన్నాడు. నర్సమ్మ గొట్టం వేసి మూత్రం తీసినప్పుడు కుండ నిండింది. అంత నిండి ఉన్నా ఆమెకు తెలియనే లేదు. అత్త మాత్రం, ఇంకేం, అది కూడా బాగయిపాయె అంది.

డాక్టరు గారు ఎండ నడినెత్తికి వచ్చేసరికి వచ్చాడు. సూదితో అక్కడక్కడా తాకి చూశాడు. లేచి, ఈ రోజే మద్రాసు తీసుకుపోవాలి, ఆపరేషన్ చేయాలి అన్నాడు. దూది ఇంకొంచెం బయటికి తోసుకువచ్చిందని, ఇప్పుడు అది నొక్కుతున్నది ఒక్క కాలి నరాన్ని కాదని, ఆలస్యమైతే మూత్రం మీద పట్టు ఇక జన్మలో రాకపోవచ్చని, కాళ్లు కూడా పోవచ్చని చెప్పాడు. ఎవరి తప్పూ లేదని కూడా చెప్పాడు.

భర్త ఆయన ఎదుటికి వచ్చాడు.

"అప్పుడు కోయండి సార్ అని నేను కాళ్లు పట్టుకుంటే అక్కరలేదంటిరి. ఇప్పుడు నొప్పి పోయి మనిషి నవ్వుతాంటే కోయాలంటాండారు. ఏంది సార్ మీ లెక్క?"

"అప్పుడు నొప్పి ఉంది. నొప్పి ఉందంటే నరం బతికి ఉందని అర్థం. ఇప్పుడు అది కూడా లేదు."

"నొప్పి ఉంటే మేలంట, పోతే కీడంట" అంది అత్త. "ఇట్లాంటి వైద్యం నేను యాడా చూడలేదు. ఆయమ్మ కాలు తగిలి బాగయినాది. మీకు గిట్టక చెప్తాండారు. లెయ్ పాపా, ఇంటికి పోదాం."

డాక్టరు గారు మళ్లీ చెప్పాడు. నర్సమ్మ చెప్పింది. వాళ్లు ఇద్దరి మాటా వినలేదు. విని ఉంటే ఆశ్చర్యపోయేదాన్ని. ఆ ఇంటివాళ్లకు కళ్లెదుట కనిపిస్తున్నది నవ్వుతున్న మనిషి. భర్త ఆమెను ఎత్తుకోవడానికి చేతులు చాపాడు. ఆమె నన్ను చూసింది. "నువ్వు చెప్పక్కా" అంది.

అందరూ నా వైపు తిరిగారు. డాక్టరు గారు కూడా తిరిగాడు. పుట్టినప్పటి నుంచీ నన్ను గొప్పదాన్ని చేసింది ఆ ఒక్క కాలే. ఆ కాలి మీద నమ్మకంతోనే వాళ్లు ఇంటికి పోతున్నారు.

"నా కాలు ఏమీ చెయ్యలేదు" అన్నాను. "నా కాలికి అంత గుణముంటే నిన్న మధ్యాహ్నం నుంచీ నీకు ఒంటికి ఎందుకు రాలేదు? నొప్పి పోలేదు పాపా. నొప్పి తెలిసే చోటు పోయింది."

అత్తకు కోపం వచ్చింది. డాక్టరు చెప్పమన్న మాట చెబుతున్నావా అంది. నేను ఆమెతో వాదించలేదు. మగవాళ్లను బయటికి పంపి, తెర లాగి, చన్నీళ్ల గిన్నె, గుడ్డ తెచ్చాను. ఇంటికి పోయేముందు ఎలాగూ ఒళ్లు తుడవాలి, నువ్వే తుడువు పెద్దమ్మా అని గుడ్డ ఆమె చేతికిచ్చాను. కోడలిని గోడ వైపు తిప్పాను. అత్త మొదట వీపు తుడిచింది. కోడలు, అబ్బ ఎంత చల్లగుండాయో నీళ్లు అంది. నేను అత్త చెయ్యి పట్టుకుని కిందికి, కూర్చునే చోటికి జరిపాను. అత్త అక్కడ తుడవసాగింది.

కోడలు గోడ వైపు చూస్తూ, "ఆపేస్తివేంది అత్తా? తుడువు" అంది.

అత్త చెయ్యి ఆగిపోయింది. తరువాత గుడ్డను నీళ్లలో మళ్లీ ముంచి, పిండకుండా అక్కడే పెట్టి గట్టిగా నొక్కింది. నీళ్లు పలకల మీదికి కారాయి.

"అత్తా, ఉండావా? పోయినావా?"

"ఉండా పాపా" అంది అత్త. గుడ్డ గిన్నెలో వేసి, దుప్పటి కప్పి, తెర తీసుకుని బయటికి పోయింది. కొడుకును దగ్గరికి పిలిచింది.

"జట్కా పంపించేయ్ నాయనా. మద్రాసు రైలు ఎప్పుడో కనుక్కో."

అతను తల్లి ముఖం చూసి జట్కా అతన్ని పంపేశాడు. డాక్టరు గారి దగ్గరికి పోయి, "బయటపడిన దూది తీసేస్తారు, అంతే గదా సార్" అన్నాడు. అంతే అన్నాడు డాక్టరు గారు.

పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు లారీ ఒకటి అడిగి తెచ్చారు. పలకలు పరిచి, వాటి మీద ఆమె కుట్టిన పరుపే భర్త తెచ్చి వేశాడు. డాక్టరు గారు ఆ పూటకు పరుపును ఏమీ అనలేదు. ఎర్రగుంట్ల స్టేషను దాకా గుంట గుంటకూ లారీ ఆపించాడు భర్త. దారిలో అత్తకు కొత్త దిగులు పట్టుకుంది. మద్రాసు ఇప్పుడు మన రాష్ట్రం కాదంట గదా, మనల్ని చూస్తారా అని అడిగింది. కాంపౌండరు, రాష్ట్రాలు పంచుకున్నారు గాని నడుములు ఇంకా పంచుకోలేదులే అవ్వా అన్నాడు. ఆ చన్నీళ్ల గిన్నె తరువాత అత్త నవ్వడం అదే మొదటిసారి.

ఆడవాళ్ల వార్డులో భర్తను ఉండనివ్వరు. అత్తకు పాన్ పెట్టడం తెలియదు. అందుకని డాక్టరు గారు నన్ను వాళ్ల వెంట పంపాడు. నాకు అరవం రాదు, రైలు ఎక్కడం కూడా అదే మొదటిసారి. మద్రాసు ఆసుపత్రిలో అక్కడి ఆయాలతో నేను చేతులతోనే మాట్లాడాను. మా పని ఒకటే కాబట్టి సరిపోయింది.

చేరిన రోజే ఆపరేషన్ చేశారు. అంతకుముందు అక్కడి పెద్ద డాక్టరు, తెలుగు తెలిసిన ఒక చిన్న డాక్టరు చేత మాకు చెప్పించాడు. దూది తీసేస్తాం గాని, నలిగిన నరాలు మళ్లీ పనిచేస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. భర్త వేలిముద్ర వేశాడు. వేశాక ఆ వేలిని తలగుడ్డకు తుడుచుకోవడం మర్చిపోయి, ముఖమంతా సిరా పూసుకున్నాడు.

కొన్ని రోజులకు కుడి బొటనవేలు కదిలింది. కొంచెమే కదిలింది. అత్త దాన్ని చూసి నమ్మలేక, ఇంకోసారి పాపా, ఇంకోసారి అని ఆడించింది. కాని గొట్టం ఇంకా ఉంది. కూర్చునే చోట తెలుస్తోందా అని డాక్టర్లు రోజూ అడిగేవాళ్లు. ఒకరోజు తెలుస్తోందనేది, ఒకరోజు ఏమో అనేది. చివరికి చిన్న డాక్టరు వచ్చి, ఈ సాయంత్రం గొట్టం తీస్తాం, రేపు పొద్దుటికి తనంతట తాను పోసుకుంటే భయం లేదు, లేకపోతే గొట్టంతోనే ఇంటికి పోవాలి, ఎన్నాళ్లో చెప్పలేం అన్నాడు.

గొట్టం తీశాక అత్త తలగడ పక్కన కూర్చుని పెదవులు కదుపుతూ తన దేవుణ్ణి తలుచుకుంటోంది. నా దేవుణ్ణి నేనూ తలుచుకున్నాను. కోడలు మాత్రం పైకప్పు చూస్తూ పడుకుని ఉంది.

"అక్కా, గొట్టమే మిగిలితే నేనింగ పరుపులు మోసేదెట్ల? ఒకరింట్లోకి పోయి కూచునేదెట్ల?"

"మోయకుంటే ఏమి? కూచోని కుట్టు."

"ఆయనకు తెల్లగా ఉండే దుప్పటంటే ఇష్టం" అంది మెల్లగా. "దూది పనోడు గదా."

ఆయన బయట మెట్ల మీద పడుకుని ఉన్నాడని, మద్రాసుకు వచ్చినప్పటి నుంచీ ఆ మెట్లు దిగి ఊరు చూడలేదని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, "స్నానమన్నా చేసినాడా లేదా అడుగు" అంది. అడిగి వచ్చి లేదని చెప్పాను. ఆ కోపంతో కాస్త నిద్రపోయింది.

మరుసటి ఉదయం నేను పాన్‌ను వేడినీళ్లతో వెచ్చబెట్టి, తుడిచి తెచ్చాను. ఆమె వద్దు అనలేదు, కావాలి అనీ అనలేదు. కింద పెట్టి, దుప్పటి కప్పి, తెర లాగాను. కాసేపు ఏమీ లేదు. అత్త పెదవులు కూడా ఆగిపోయాయి. నేను వార్డు మూలకు పోయి అక్కడి కుళాయి కొంచెంగా విప్పి వదిలాను. మా నర్సమ్మ నేర్పిన ఉపాయమది. సన్నటి ధార బకెట్‌లో పడుతూ ఉంది. అక్కడి ఆయా ఒకామె నీళ్లు వృథా అవుతున్నాయని కట్టేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె తెర వైపు చూసి, అర్థం చేసుకుని, తానూ నా పక్కనే నిలబడింది.

బకెట్ సగమైంది. తెర వెనక నుంచి, "అక్కా" అని ఒక్క మాట వినబడింది. తరువాత పాన్ రేకు మీద చప్పుడు. మొదట చుక్కలు చుక్కలుగా, తరువాత ఆగకుండా.

నేను కుళాయి కట్టేశాను. పాన్ తీసి రెండు చేతులా పట్టుకున్నాను. గుడ్డ కప్పలేదు. నా ఉద్యోగంలో గుడ్డ కప్పకుండా పాన్ మోసింది ఆ ఒక్కసారే. తలుపు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. అతనికి కనిపించేలా కొంచెం వంచి చూపించాను. అతను చూసి, తలగుడ్డ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.

నేను వరండా చివరికి పోయి, పాన్ ఒంపి, కడిగి, ఎండలో బోర్లించాను. తిరిగి వచ్చి, ఇప్పుడైనా పోయి స్నానం చెయ్యమంటోంది నీ భార్య అని అతనితో చెప్పాను.